అరకు చలికాలం: ఇద్దరం, ఒక వారాంతం

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి జంటలు ఏజెన్సీ దారి పడతాయి. చేతిలో ఉండేది శని, ఆదివారాలే అయినా అరకు, వంజంగి, లంబసింగి మూడూ చుట్టేయించే ప్యాకేజీలు బోలెడు. మేం మాత్రం అరకు ఒక్కటే పెట్టుకున్నాం. అది సరైన పని అని మా ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఎందుకో చెబుతాను. లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. దానికి నర్సీపట్నం మీదుగా వెళ్లడమే సులువు. అరకు నుంచి అయితే పాడేరు, చింతపల్లి మీదుగా మలుపుల దారిలో గంటల తరబడి కూర్చోవాలి. వంజంగి పాడేరు పక్కనే. అక్కడ మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే చీకటితోనే కొండెక్కాలి, అంటే ముందు రాత్రి పాడేరులో పడుకోవాలి. అరకులో గది తీసుకుని అర్ధరాత్రి దాటాక లేచి పాడేరు పరుగెత్తితే, మిగిలిన పగలంతా కారులో కునికిపాట్లే. వంజంగి, లంబసింగి కలిపి ఇంకోసారికి ఉంచుకోండి.

అరకు వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో ఉదయం ఏడు కాకముందే కదులుతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలు దిగి దీన్ని అందుకోవాలనుకుంటే, మంచు వల్లో మరో కారణం వల్లో ఆలస్యమైతే మొత్తం కార్యక్రమం పోతుంది. అందుకని శుక్ర, సోమవారాలు సెలవు పెట్టి, శుక్రవారం సాయంత్రానికే విశాఖ చేరుకున్నాం.

1960లలో ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకీ, అక్కణ్నుంచి జపాన్‌కీ పంపడానికి వేసిన లైను ఇది. ఈ రోజుకీ ఖనిజం బండ్లదే ఇక్కడ పెద్దరికం. మన రైలు పక్కన ఆగి వాటికి దారివ్వడం మామూలు విషయం. బొడ్డవర దాటాక ఎక్కడం మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... స్టేషను స్టేషనుకీ గాలి చల్లబడుతుంది. సొరంగాలు 58 అంటారు. ఒక్కో సొరంగం రాగానే పిల్లలు కేకలు పెడతారు, బయటపడగానే లోయ ఇంకాస్త కిందికి దిగిపోయి కనిపిస్తుంది. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదిగా దానికి పేరు.

2017లో మొదలైన విస్టాడోమ్ బోగీలో వెళ్లాం. గాజు పైకప్పు, ఎటు కావాలంటే అటు తిరిగే సీట్లు. మా ఆయన అయితే సీటు కిటికీ వైపు తిప్పుకుని అరకు వచ్చేదాకా కదల్లేదు. సుఖంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ అద్దాలు తెరుచుకోవు. చిన్నప్పుడు నాన్నగారితో మామూలు బోగీలో వెళ్లినప్పుడు ముఖానికి కొట్టిన చలిగాలి, తడి మట్టి వాసన ఇందులో లేవు. ఫొటోల్లోకి అద్దంలోని నీడలు కూడా వచ్చి చేరతాయి. వారాంతపు టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి, విస్టాడోమ్ దొరకలేదని ప్రయాణం మానుకోకండి. మామూలు రిజర్వేషన్ బోగీలో కిటికీ సీటు దొరికితే నేను దాన్నే ఎక్కువ ఇష్టపడతాను.

ఇక బస. మొదటి రాత్రి ఊళ్లో మెయిన్ రోడ్డుకి దగ్గరగా ఒక హోటల్లో దిగాం. పేరు అనవసరం. అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. గది శుభ్రంగానే ఉంది. కానీ వేడినీళ్లు పొద్దున ఓ గంట మాత్రమే. దుప్పట్లు మైదానంలో చలికి సరిపోయేవి, అరకు చలికి కాదు. పక్క స్థలంలో చలిమంట పేరుతో అర్ధరాత్రి దాకా డీజే. చలికాలం వారాంతంలో అద్దెలు మామూలు రోజులకంటే బాగా పెరుగుతాయి. అంత పెట్టి కొండ మీదికి వెళ్లేది నిశ్శబ్దం కోసం కదా! గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: గీజరు ఎంతసేపు ఉంటుంది, అదనపు దుప్పట్లు ఇస్తారా, చుట్టుపక్కల క్యాంప్ ఫైర్ స్థలాలు ఉన్నాయా.

రెండో రాత్రి అనంతగిరి వైపు కాఫీ తోటల దగ్గర ఒక ఇంట్లో దిగాం. ఆదివాసీ కుటుంబం, అద్దెకి రెండే గదులు. టీవీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ వరండా చివర మాత్రమే. కానీ కట్టెల బాయిలర్ మీద ఎప్పుడడిగితే అప్పుడు వేడినీళ్లు. ఆ ఇంటి అమ్మ రాత్రి రాజ్మా కూర, అన్నం, నాటుకోడి పులుసు పెట్టింది. పొద్దున చోడి (రాగి) అంబలి పోసి, మా ఆయన మొహమాటపడుతుంటే "తాగు బాబూ, చలికి మంచిది" అని గ్లాసు మళ్లీ నింపింది. వాళ్లు తమలో తాము ఆదివాసీ ఒడియాలో, మాతో తెలుగులో మాట్లాడారు. అద్దె హోటల్లో కట్టినదానికంటే తక్కువ, అదీ రెండు పూటల భోజనంతో కలిపి.

పొద్దున ఆవిడ తోట చూపించింది. చలికాలంలో అరకు వెళ్లడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. కాఫీ పళ్లు ఎర్రబడి కోతకొచ్చేది ఈ రోజుల్లోనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. పండిన పళ్లనే ఏరి కోస్తారు, పచ్చివి కొమ్మకే ఉంచుతారు. అందుకే ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. పండు నోట్లో వేసుకుంటే పైన పల్చటి తీపి, లోపల జారిపోయే గింజ. పైతొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, వేయించాకే మనకి తెలిసిన వాసన వస్తుంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక ఇంత ఓపికైన చేతిపని ఉందని తోటలో నిలబడి చూస్తేనే అర్థమైంది. కాఫీ పొడి, తేనె జీసీసీ దుకాణంలో కొన్నాం, గిరిజన రైతుల దగ్గర కొనే ప్రభుత్వ సంస్థ అది. కాఫీ మ్యూజియంలో జనం ఎక్కువ, అక్కడ చాక్లెట్లు బాగున్నాయి.

పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం ఓ పూటలో అయిపోతాయి. మ్యూజియంలో మట్టి ఇళ్లు, పనిముట్లు, థింసా నాట్యం బొమ్మలు శ్రద్ధగా పెట్టారు. తోట పిల్లలున్నవాళ్లకి బాగుంటుంది. చాపరాయి దగ్గర బండల మీదుగా జారే నీరు అందంగా ఉంది కానీ, పగిలిన సీసా ముక్కలు చూసి బాధేసింది. చెప్పులు విప్పి నీళ్లలో దిగే చోట గాజు పారేసేవాళ్లని ఆపేవాళ్లు ఉండాలి. పసుపు పచ్చని వలిసె పూల కోసం వెళ్లేవాళ్లు నవంబరు, డిసెంబరు మొదట్లోనే వెళ్లాలి. అవి రైతుల పొలాలు. ఫొటోకి డబ్బు అడిగితే ఇవ్వండి, గట్టు మీదే నిలబడండి.

బొంగు చికెన్ రోడ్డు పొడవునా దొరుకుతుంది. ముందే కాల్చి పెట్టింది వద్దని, మన ఎదురుగా పచ్చి బొంగులో కూరి నిప్పుల మీద పెట్టమనండి. ఓ అరగంటకు పైగా పడుతుంది. నూనె, నీళ్లు పోయరు, ముక్క దాని రసంలోనే ఉడుకుతుంది. విస్తరాకులో పోసిస్తే వేడివేడిగా ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం.

తిరుగు దారికి టాక్సీ మాట్లాడుకున్నాం. ఆగే చోట్లన్నీ ముందే రాయించుకోవడం మంచిది: గాలికొండ వ్యూ పాయింట్, బొర్రా గుహలు. బొర్రాకి తెరిచే వేళకే చేరుకుంటే లోపల నింపాదిగా నడవొచ్చు. తర్వాత బస్సులు దిగుతాయి. సున్నపురాయిని నీరు కరిగించి మలిచిన గుహ ఇది, గోస్తనీ నదితో పెనవేసుకుని ఉంది. తాటిపూడి జలాశయం ద్వారా విశాఖకి మంచినీళ్లిచ్చేదీ గోస్తనే. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే పైనుంచి లోపలికి కనిపించినంత చూసి వెనక్కి రావడం నయం.

ఆదివారం సాయంత్రం ఘాట్‌లో వాహనాలు బారులు తీరతాయి, మంచు కూడా అప్పుడే దిగుతుంది. మధ్యాహ్నం భోజనం కాగానే కిందికి బయల్దేరితే వెలుతురు ఉండగానే శృంగవరపుకోట చేరొచ్చు. చేతిలో నగదు ఉంచుకోండి, చిన్న దుకాణాల్లో సిగ్నల్ లేక ఫోన్‌లో డబ్బు కట్టడం కుదరదు. స్వెటర్‌తో పాటు చెవులు కప్పే టోపీ తప్పనిసరి. శాలువా ఒకటి కాదు, రెండు పెట్టుకోండి.