గవర్నర్‌పేట రోమన్ నాణేల ట్రే: సరుకు అసలుదే, చీటీలతోనే పేచీ

విజయవాడ గవర్నర్‌పేటలో పాత నాణేలమ్మే ఒక చిన్న దుకాణంలో ‘క్రైస్తవ గుర్తుల రోమన్ నాణేలు’ అని ఒక ట్రే పెట్టారు. గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడు కానుకలకని అడిగేవాళ్లు ఎక్కువట. సరుకులో చాలా భాగం నాలుగో శతాబ్దపు అసలు కంచు నాణేలే. మామూలుది 800 రూపాయలు, ‘శిలువ ఉంది’ అని చీటీ పడితే 2,500. ఆ తేడా ఎప్పుడు ఇవ్వచ్చో బొరుసు చూసి తేల్చుకోవాలి.

ట్రేలో ఎక్కువగా ఉన్నవి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కుటుంబపు ‘గ్లోరియా ఎక్సర్సిటస్’ (సైన్య కీర్తి) రకం. ఇద్దరు సైనికులు, మధ్యలో ఒకటో రెండో ధ్వజాలు; 330లలో వేసినవి. ధ్వజం గుడ్డ మీద చుక్కో సున్నానో అక్షరమో ఉంటుంది. ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్ టంకశాల నాణేల్లో కొన్నిటికి ఆ చోటే ఖీ-రో, అంటే గ్రీకులో క్రీస్తు పేరు మొదటి రెండక్షరాల ముడి, కనిపిస్తుంది. అది భక్తితో వేసిందా, ఏ విడత నాణెమో తెలియడానికి వేసుకున్న గుర్తా అన్న వాదన ఇంకా తెగలేదు. చీటీ మాత్రం తేల్చేసింది! పైగా గుడ్డ మీద ఒట్టి ఇంటూ గుర్తు ఉన్నదానికీ అదే ధర. దానికి 800 మించి ఇవ్వొద్దు.

ఆకారం ఒక్కటే చూస్తే ఎవరైనా బోల్తా పడతారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఈజిప్టు రాజు మూడో టాలమీ కంచు నాణేల మీద డేగ కాళ్ల మధ్య ఖీ-రో ముడి ఉంది. ఈ ట్రేలోనే ఒక మూల ‘శిలువ నాణెం’ అని పెట్టింది మన శాతవాహనుల సీసపు నాణెం. కూడిక గుర్తు నాలుగు కొసల్లో నాలుగు వలయాలున్న ఆ ముద్రను ఉజ్జయిని చిహ్నం అంటారు, క్రైస్తవంతో దానికి ఏ సంబంధమూ లేదు. నాణెంగా మాత్రం చక్కగా ఉంది, ఆ చీటీ తీసేయిస్తే కొనుక్కోవచ్చు.

అడిగిన ధరకు తగినది రోమన్ చక్రవర్తి మాగ్నెంటియస్ పెద్ద నాణెం ఒక్కటే. 353 ప్రాంతంలో వేసిన ఈ రకంలో బొరుసంతా ఖీ-రోనే, అటూ ఇటూ ఆల్ఫా, ఒమేగా అనే గ్రీకు అక్షరాలు. అంచు కొంచెం విరిగినా రెండక్షరాలూ కనిపిస్తున్నాయి. థియోడోసియస్ చక్రవర్తి కాలపు చిల్లర కూడా బాగుంది: 12 నుంచి 14 మిల్లీమీటర్లు, గ్రాము అటూఇటూ బరువు, బందీని ఈడ్చుకెళ్లే విజయదేవత, ఆమెకు ఎడమవైపు ఖాళీలో చిన్న ముడి గుర్తు. దీపం పక్కవాటుగా పెట్టి పదింతలు చూపే లెన్సుతో చూడాలి. అసలు గుర్తు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఎందుకంటే చెక్కింది అచ్చులో. నాణెంలోకి గాడిలా దిగి ఉంటే తర్వాత ఎవరో గీకిందే. గాడి అడుగున కొత్త లోహం మెరుస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఉబ్బెత్తుగా ఉన్నా చుట్టూ పళ్లెంలా గుంట పడి ఉంటే, గుర్తు తేలేలా చుట్టూ తొలిచారన్నమాట. అంచు చుట్టూ అతుకు గీత, ఒంటి మీద సూది బెజ్జాలు కనిపిస్తే అది పోత నకలు.

‘వినుకొండ దగ్గర తవ్వకాల్లో దొరికింది’ అని దుకాణంలో చెప్పే మాట అమ్ముకోవడానికే. వినుకొండలో బయటపడిన రోమన్ బంగారు నాణేలు తిబేరియస్ చక్రవర్తి నుంచి కరకల్లా చక్రవర్తి దాకా, అంటే కాన్‌స్టంటైన్‌కు దాదాపు వందేళ్ల ముందే ఆగిపోయినవి. ఒకవేళ నిజంగానే పొలంలో దొరికి ఉంటే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిన సరుకది, ట్రేలో ఉండకూడదు.

దుకాణం చేస్తున్న అసలు తప్పు నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టడం. ఆ ప్లాస్టిక్‌లోని క్లోరిన్, కృష్ణ ఒడ్డు ఉక్కపోత కలిస్తే కంచుకు పచ్చ జిగురు పడుతుంది. పీవీసీ లేని మైలార్ కవరూ, సిలికా జెల్ పొట్లమూ మనమే పట్టుకెళ్లడం మేలు. లేత పచ్చ పొడి రాలుతున్న నాణెం ఎంత చవకైనా వద్దు, ఆ చిలుము లోపలికి తినేస్తుంది. మట్టి పట్టినవాటిని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమితే తళతళలాడుతుంది, కానీ పాత పొర పోయి ఆ నాణెం కొనేవాడే ఉండడు.

యజమాని ఓపికగా చూడనిస్తాడు, తూకం యంత్రం కూడా ఉంది. వందేళ్లు దాటిన నాణేల వ్యాపారానికి 1972 పురావస్తువుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అది చూపించమనండి. బిల్లు మీద ‘క్రైస్తవ నాణెం’ అని కాకుండా చక్రవర్తి పేరు, టంకశాల, బరువు రాయించుకోండి.