భుజం కీహోల్ ఆపరేషన్: సర్జన్‌కు తొమ్మిది, బిల్లుకు మూడు, బెల్టుకు సున్నా

చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. వాలీబాల్ ఆడిన చెయ్యి నాది. డిగ్రీ రోజుల్లో కుడి భుజం కీలు తప్పింది మొదలు, స్పైక్‌కు చెయ్యెత్తినప్పుడల్లా జారేది. చివరికి అటక మీది డబ్బా అందుకోబోయినా జారడం మొదలైంది. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను. మార్కులు వేయడం ఎలాగూ నా ఉద్యోగమే కాబట్టి పదికి లెక్క వేసి రాస్తున్నాను. ఆసుపత్రి పేరు మాత్రం అడగవద్దు.

ముందు సర్జన్. చెయ్యిని పక్కకెత్తి, అచ్చం స్పైక్ కొట్టే భంగిమలోకి మెల్లగా తిప్పారు. నా ముఖం చూసి వెంటనే ఆపేశారు. భుజం గుంట చాలా లోతు తక్కువట, పైనున్న గుండు పెద్దదట. మా స్కూలు క్రీడోత్సవంలో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే పిల్లలు గుర్తొచ్చారు. ఆ చెంచాకు అంచులా ఉండే మృదులాస్థిని ల్యాబ్రమ్ అంటారు. భుజం ముందుకు జారినప్పుడు దాని ముందు కింది భాగం ఎముక నుంచి ఊడిపోతుంది. 1923లో దీన్ని వివరించిన ఇంగ్లండ్ సర్జన్ పేరు మీదే దీన్ని బ్యాంకార్ట్ గాయం అంటున్నారు. కీలులోకి మందు ఎక్కించి ఎంఆర్ఐ తీశారు. ఎముక ఎంత అరిగిందో చూడడానికి విడిగా సీటీ కూడా తీయించారు. అరుగుదల గుంటలో అయిదో వంతు దాటితే ఉత్త కుట్లు నిలవవనీ, పక్కనున్న ఎముక ముక్కను తెచ్చి స్క్రూలతో బిగించే లాటార్జే ఆపరేషన్ గురించి ఆలోచించాలనీ చెప్పారు. నాకు ఆ అవసరం రాలేదు. కుర్రవయసులో కబడ్డీ లాంటి ఆటలు ఆడేవాళ్లకు కుట్టినా మళ్లీ జారే అవకాశం ఎక్కువేనని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, భుజం నాదైతే వివరాలన్నీ మా ఆయన వైపు తిరిగి చెప్పారు.

స్టాఫ్ రూములో సగం మంది పుత్తూరు కట్టు కట్టించుకోమన్నారు. విరిగిన ఎముకకు ఆ కట్టు మీద మా ఇంట్లోనూ నమ్మకముంది. కానీ లోపల ఊడిన అంచును పైకట్టు తిరిగి అతికించలేదు కదా.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు, నిద్రపోయాను. వెనుక ఒకటి, ముందు రెండు చిన్న గాట్లు. వెనుక గాటులోంచి కెమెరా, ముందు వాటిలోంచి పనిముట్లు. గుంట అంచున మూడు యాంకర్లు, అంటే దారాలు కట్టిన చిన్న మేకుల్లాంటివి, ఎముకలోకి దింపి, వాటి దారాలతో ల్యాబ్రమ్‌ను లాగి కట్టారు. మెడ పక్కన ఇచ్చిన మత్తు సూదితో మర్నాటి దాకా చెయ్యి నాది కాదనిపించింది, కుడి రెప్ప కూడా కాస్త వాలింది. లోపలికి పంపిన సెలైన్ వల్ల భుజం ఉబ్బుతుందనీ, కట్టు గులాబీ రంగులో తడుస్తుందనీ రాత్రి డ్యూటీ నర్సు ముందే చెప్పింది. ఆమెకు పదికి పది.

బిల్లుకు మూడు. ప్యాకేజీ కాగితంలో యాంకర్ల మాటే లేదు. అవి విడిగా కట్టాలని డిశ్చార్జి రోజున తెలిసింది. యాంకర్లు ఎన్ని పడవచ్చు, ఏ కంపెనీవి, ధర ఎంత అని చేరకముందే కాగితం మీద రాయించుకోండి. డబ్బాల మీది స్టిక్కర్లు ఫైలులో అంటించారో లేదో కూడా చూసుకోండి.

ఇక బెల్టు. ఆసుపత్రి మందుల షాపులో ఇచ్చిన భుజం బెల్టుకు ఒకటే సైజు, అదీ మగవాళ్ల కొలత. చెయ్యి కదలకూడదని కట్టే బెల్టుకు బకిల్ వీపు మీద పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒంటి చేత్తో అతనోసారి పెట్టుకుని చూపించాలి. వెల్‌క్రో చీరకు అంటుకుని పోగులు లాగేసింది. తిరుపతి ఎండకు చంకలో చెమటపొక్కులు. ఆరు వారాలు, నిద్రలో కూడా, ఇదే. డిశ్చార్జి కాగితంలో దుస్తుల గురించి ఒక్క ముక్క ఉంది: ముందు గుండీలున్న చొక్కా వేసుకోవాలట. జాకెట్టు సంగతి ఎవరికీ తట్టలేదు. మా టైలరమ్మే పాత జాకెట్ల కుడి భుజం కుట్టు విప్పి టిచ్ బటన్లు పెట్టింది, మెడ దగ్గర పట్టీకి నూలుగుడ్డ తొడుగు కుట్టింది. జడ మా అమ్మాయి వేసేది. ఎదురింటి పెద్దమ్మ అది చూసి, "కొండకెళ్లి తలనీలాలు ఇచ్చి రామ్మా, ఈ గోలే ఉండదు" అంది. ఒక దశలో అదీ ఆలోచించాను.

ఆసుపత్రి ఫిజియో ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అసలు పని మా ఇంటి దగ్గరి చిన్న క్లినిక్‌లో జరిగింది. అక్కడి అమ్మాయి మొదట నేర్పింది వ్యాయామం కాదు, ముందుకు వంగి చేతిని వేలాడదీసి చంక ఎలా కడుక్కోవాలో. తర్వాత లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లు పాకించడం, చాలా రోజులకు రబ్బరు పట్టీ. చేతిని బయటికి తిప్పడం మాత్రం తొలి వారాల్లో గీత దాటనివ్వలేదు. "టీచర్ గారూ, ఇప్పుడు తొందరపడితే కుట్టు సాగిపోతుంది" అని గదమాయించేది. నన్ను గదమాయించేవాళ్లు తక్కువ. ఆమెకు తొమ్మిదిన్నర. ఆసుపత్రిని ఎంచుకునేముందు ఇలాంటి మనిషి మీ వీధిలో ఉందో లేదో చూసుకోండి. సర్జన్ పని ఒక పూటలో అయిపోయింది, ఈమె పని నెలల తరబడి సాగుతోంది.

ప్రస్తుతం కింది నుంచి సర్వీసు చేయనిస్తోంది. స్పైక్ ఆరు నెలలు నిండాక, అదీ బలం కొలిచి చూశాకే అంటోంది. క్లినిక్‌లో సాయంత్రాలు రద్దీ. ఉదయం వెళితే గోడ దగ్గర చోటు దొరుకుతుంది.