క్రిస్మస్‌కి ఆల్ప్స్ వెళ్తే వెంగెన్‌లో దిగాలా, ముర్రెన్‌లోనా?

స్విట్జర్లాండ్‌లో మంచు క్రిస్మస్ అనుకున్న కుటుంబాలు చాలావరకు ఇంటర్లాకెన్‌లోనో లౌటర్‌బ్రున్నెన్‌లోనో గది తీసుకుంటాయి. రైళ్లకు అనుకూలం, నిజమే. కానీ ఇంటర్లాకెన్ 570 మీటర్ల ఎత్తులో, లౌటర్‌బ్రున్నెన్ 800 మీటర్ల దగ్గర ఉంటాయి. డిసెంబర్ చివర అక్కడ వాన పడటం మామూలే. 1,000 మీటర్లు ఎక్కితే దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, లౌటర్‌బ్రున్నెన్‌లో 3 డిగ్రీల దగ్గర చినుకులు పడుతుంటే 1,638 మీటర్ల ఎత్తున్న ముర్రెన్‌లో మంచు కురుస్తుంటుంది. పైగా లౌటర్‌బ్రున్నెన్‌కు రెండు వైపులా నిలువు కొండలు, నడి చలికాలంలో ఎండ మొహం చూపించేది కాసేపే. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఎక్కువసేపు గదిలోనే ఉంటారు. వాళ్లున్న గదికి ఎండ రావడం చిన్న విషయం కాదు.

కాబట్టి పైకే వెళ్లండి. వెంగెన్, ముర్రెన్ రెండూ కార్లు తిరగని ఊళ్లు. వెంగెన్ (1,274 మీటర్లు) కు లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్ల చక్రాల రైలు పావుగంటలో చేరుస్తుంది. స్ట్రాలర్, పెట్టెలు ఒక్కసారి ఎక్కిస్తే చాలు. స్కీయింగ్ నేర్చుకునే వాలు ఊరి మధ్యలోనే ఉంది, పిల్లలు నేర్చుకుంటుంటే తాతయ్య, అమ్మమ్మ పక్కనే నిలబడి చూడొచ్చు. ముర్రెన్‌కు గ్రూట్షాల్ప్ దాకా కేబుల్ కారు, అక్కడ దిగి మళ్లీ రైలు. మంచు మాత్రం అక్కడే ఎక్కువ ఖాయం. దక్షిణం నుంచి ఫోన్ (Föhn) అనే వేడి గాలి గట్టిగా వీస్తే కేబుల్ కార్లు ఆపేస్తారు, ముర్రెన్‌కున్న రెండో దారి, స్టెషెల్‌బర్గ్ నుంచి ఎక్కే కేబుల్ కారుకూ అదే ఇబ్బంది. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే వెంగెన్ మేలు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయి, మంచే ముఖ్యమనుకుంటే ముర్రెన్. పక్క లోయలోని గ్రిండెల్‌వాల్డ్ (1,034 మీటర్లు) కారు వదలలేనివాళ్లకు బాగుంటుంది, అంతే.

ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో ఒక జాగ్రత్త. అక్కడ ఎక్కే రైలు త్స్వైలూట్షినెన్‌లో రెండుగా విడిపోతుంది, ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కు, ఒక సగం గ్రిండెల్‌వాల్డ్‌కు. కుటుంబం చెరో పెట్టెలో ఎక్కి చెరో లోయకు చేరే ప్రమాదం ఉంది. పెట్టె మీది బోర్డు చదివాకే ఎక్కండి. కారులో వచ్చేవాళ్లు లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్ దగ్గరి పార్కింగ్‌ను ముందే బుక్ చేసుకోవాలి.

టికెట్ల సంగతి: స్విస్ ట్రావెల్ పాస్ (పర్యాటకులు దేశమంతా రైళ్లలో, బస్సుల్లో తిరిగే పాస్) వెంగెన్, ముర్రెన్ దాకా పూర్తిగా చెల్లుతుంది, ఆపైన రాయితీ మాత్రమే. దాంతోపాటు ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోండి. తల్లి లేదా తండ్రితో వెళ్లే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు టికెట్ కొనక్కర్లేదు.

అసలు దెబ్బ తిండి దగ్గర తగులుతుంది. 24న దుకాణాలు సాయంత్రానికే మూస్తారు. 25, 26 రెండూ సెలవులే. అపార్ట్‌మెంట్ తీసుకుంటే 24 మధ్యాహ్నానికల్లా పాలు, బ్రెడ్డు, బియ్యం, కూరగాయలు మూడు రోజులకు సరిపడా తెచ్చుకోవాలి. రైలు మారే పెద్ద స్టేషన్లో కొంటే ఎంపిక ఎక్కువ. పండగ వారంలో అపార్ట్‌మెంట్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అద్దెకు తోడు చివరి శుభ్రతకు రుసుము, మనిషికి రాత్రికి ఇంతని పర్యాటక పన్ను ఉంటాయి. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిసున్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. హోటల్ అయితే 24 రాత్రి విందు తప్పనిసరా, దానికి వేరే డబ్బా అన్నది ముందే తేల్చుకోవాలి. ఆరుగురికి మించితే అపార్ట్‌మెంటే నయం. తడిసిన బూట్లు, చేతి తొడుగులు ఆరేసుకోవడానికి చోటు దొరుకుతుంది, చంటిపిల్లకు ఏ వేళకైనా వంట కుదురుతుంది.

ఇక్కడికి వచ్చినవాళ్లు చూడాలనుకునే కొండ మీది రైలు స్టేషన్ యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎత్తు 3,454 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ. ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారు, తర్వాత రైలు కలిసి అంత ఎత్తుకు చాలా త్వరగా చేరుస్తాయి, ఒంటికి అలవాటుపడే వ్యవధే ఉండదు. చంటిపిల్లల్ని, గుండె జబ్బున్న పెద్దల్ని అక్కడికి తీసుకెళ్లకండి. మిగతావాళ్లు పొద్దున్నే కొండ మీది వెబ్‌క్యామ్ చూసి, ఆకాశం తేటగా ఉంటేనే టికెట్ కొనాలి. మబ్బు పట్టినరోజు అంత డబ్బు పోసి చూసేది తెల్లటి గోడ. ఆ రోజుకు ముర్రెన్ పైనున్న ఆల్మెండ్‌హూబెల్ కొండ నుంచి స్లెడ్జి మీద జారిరావడమే పిల్లలకు పండగ. హెల్మెట్ ఉండాలి, మడమలు ఆనించి వేగం తగ్గించడం ముందు చదునైన చోట నేర్పాలి.

బట్టల్లో పొరపాటు జరిగేది పాదాల దగ్గర. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు తొడిగితే బూటు బిగిసి రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక్క ఊలు జత, వేళ్లు కదిలేంత వదులున్న వాటర్‌ప్రూఫ్ బూటు చాలు. ఒంటికి ఆనే పొర నూలుది వద్దు, చెమట పీల్చుకుని ఆరదు. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగం తిరిగి కళ్ల మీదికే వస్తుంది, అందుకే స్ట్రాలర్‌లో పడుకున్న బిడ్డకు కూడా చలువ కళ్లద్దాలు పెట్టాలి.