‘ఫుట్‌ప్రింట్స్’: పాత హీబ్రూ పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే వెబ్‌సైట్

పాత పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లు కొలంబియా యూనివర్సిటీ వాళ్ల ఫుట్‌ప్రింట్స్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి, ఉచితమే. అచ్చు మొదలైన దగ్గర్నుంచి వచ్చిన యూదుల పుస్తకాల్లో ఏ ప్రతి ఎప్పుడు ఏ ఊళ్లో ఎవరి దగ్గరుందో, దొరికిన ప్రతి ఆధారాన్నీ విడిగా నమోదు చేస్తారు. పుస్తకం పేరు కాదు, ఆ ఒక్క ప్రతి ఇక్కడ ముఖ్యం. నాకు బాగా నచ్చింది ఇదే.

ఆధారాలంటే ఏమిటంటారా? పూర్వం చాలామంది యూదులు మొదటి పేజీలో ‘భూమియు దాని సంపూర్ణతయు యెహోవావే’ అన్న కీర్తన వాక్యం రాసి, ఆ తర్వాతే తమ పేరు రాసుకునేవాళ్లు. పక్కనే పిల్లలు పుట్టిన తేదీలు కూడా. ఇటలీ ప్రతుల్లోనైతే చాలావాటి చివర, చర్చి కోసం హీబ్రూ పుస్తకాలను తనిఖీ చేసిన సెన్సార్ అధికారి సంతకం ఉంటుంది. 1553లో రోమ్‌లో యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ ప్రతులను నడివీధిలో తగలబెట్టారు, ఆ సంగతి తెలిసి ఆ సంతకం చూస్తే మనసు బరువెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కూడా, నాజీలు దోచుకున్న లక్షల పుస్తకాలను జర్మనీలోని ఆఫెన్‌బాక్‌లో అమెరికన్లు ఇలాగే వాటి మీది యజమానుల ముద్రలు చూసే వేరుచేశారు.

ప్రాగ్ ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) డేవిడ్ ఓపెన్‌హైమ్ (1664–1736) కొన్ని పుస్తకాలను తనకోసం ప్రత్యేకంగా నీలి కాగితం మీద అచ్చు వేయించుకున్నాడు. అంత ఇష్టపడి కూడబెట్టిన లైబ్రరీని సెన్సార్ భయంతో దూరాన హానోవర్‌లో ఉంచాల్సి వచ్చింది! 1829లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీ 9,000 థాలర్లకు (అప్పటి జర్మన్ వెండి నాణేలు) మొత్తం కొనేసింది కాబట్టి అవి చెదరలేదు. మిగతా చాలామంది రబ్బీల పుస్తకాలకు ఆ అదృష్టం ఎక్కడిది, తలా ఒక దేశం పోయాయి. అలా చెదిరినవాటిని యజమాని పేరుతో వెతికి ఒకచోట చూడగలగడమే ఈ సైట్ గొప్పతనం.

పుస్తకం చదవడానికి మాత్రం ఇక్కడికి రాకండి, దానికి హీబ్రూబుక్స్ అనే వేరే సైట్ ఉంది, పీడీఎఫ్‌లు ఫ్రీ. పైగా పరిశోధకులు, లైబ్రేరియన్లు ఇచ్చినంతే ఇందులో ఉంటుంది, అందుకే కొందరి వివరాలు బోలెడు, కొందరివి ఒక్క ముక్కే. అమెరికా యూనివర్సిటీల్లో చదివే మనవాళ్లు మీ లైబ్రరీ అరుదైన పుస్తకాల విభాగంలో అడిగి చూడండి, పాత హీబ్రూ ప్రతి ఉంటే ముందు అట్ట లోపలి వైపు, చివరి పేజీ రెండూ చూడండి.