పర్సనల్ స్టేట్‌మెంట్ రాసిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి

బ్రిటన్‌లో డిగ్రీ కోసం యూకాస్‌లో (అక్కడి యూనివర్సిటీలకు దరఖాస్తులు తీసుకునే సంస్థ) అప్లై చేస్తున్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి. ఆ కోర్సు ఎందుకు కావాలో అప్లికేషన్‌లో మీ మాటల్లో రాసేదే పర్సనల్ స్టేట్‌మెంట్. ‘వివరాలు పంపండి, రెండు రోజుల్లో స్టేట్‌మెంట్ చేతికిస్తాం’ అనే సర్వీసులు చాలా ఉన్నాయి. వాటికి డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, వచ్చిన ఫైలును ఉన్నదున్నట్టు ఫామ్‌లో పెట్టకండి.

అసలు ప్రమాదం కాపీ. యూకాస్‌కు వచ్చే ప్రతి స్టేట్‌మెంటునూ, అంతకుముందు వచ్చినవాటితో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. 2007లో ఇలా పోల్చినప్పుడు, ఎనిమిదో ఏట ప్రయోగం చేస్తూ పైజమాకు చిల్లు పడేలా కాల్చుకున్నామని 234 మంది రాసినట్టు బయటపడింది. అంతమందికీ ఆ కథ ఒక్క నమూనా నుంచే వచ్చింది. డబ్బుకు రాసేవాళ్ల దగ్గరా ఇదే జరుగుతుంది: ఒక కోర్సుకు ఒక మూస, అందులో పేర్లు మార్చి పదిమందికి అమ్మకం. పోలిక దొరికితే మీకూ, మీరు ఎంచుకున్న యూనివర్సిటీలన్నిటికీ సమాచారం వెళ్తుంది. ఏం చేయాలో ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ నిర్ణయించుకుంటుంది. అమ్మినవాడికి మాత్రం ఏమీ కాదు.

‘ప్లేజియరిజం (కాపీ) సున్నా శాతం’ అని రిపోర్టు జతచేసి పంపితే నమ్మకండి. ఆ రిపోర్టు చూసేది ఇంటర్నెట్‌లో ఉన్న రాతలను. యూకాస్ దగ్గరున్న పాత స్టేట్‌మెంట్లు బయటివాళ్లకు అందవు. అదే మూస నిరుడు ఎంతమంది పంపారో ఆ రిపోర్టుకు తెలిసే దారే లేదు. ఏఐతో రాయించి ఇచ్చినా తప్పించుకోలేరు. దాన్ని సొంత రాతగా చూపితే యూకాస్ మోసంగానే పరిగణించవచ్చు.

ఇంకా పాత సరుకే అంటగడుతున్నవాళ్లున్నారు. 2026 అడ్మిషన్ల నుంచి ఒకే పొడుగాటి వ్యాసం లేదు, మూడు ప్రశ్నలున్నాయి: ఈ కోర్సు ఎందుకు, ఇప్పటిదాకా చదివిన చదువు దానికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు (అది ఎందుకు పనికొస్తుందో కూడా). మూడింటికీ కలిపి 4,000 క్యారెక్టర్లు, ఖాళీలతో సహా. ఒక్కోదానికి కనీసం 350. ఇంగ్లిష్‌లో మొత్తం సుమారు 600 పదాలు. ‘వెయ్యి పదాల ప్యాకేజీ’ అన్నారంటే వాళ్లు ఫామ్ తెరిచి చూడలేదన్నమాట.

‘ఎన్నిసార్లైనా మారుస్తాం’ అనే హామీ కింద ఏం రాశారో చూడండి. చాలాచోట్ల అది వ్యాకరణానికే. విషయం మార్చాలంటే మళ్లీ డబ్బు. అప్లికేషన్ తామే పంపుతామంటూ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆపేయండి. ఒకసారి పంపాక స్టేట్‌మెంట్ మార్చడానికి వీల్లేదు.

చేతిలో ఫైలు ఉన్నవాళ్లు ఒక పరీక్ష పెట్టండి. ప్రతి వాక్యంలో మీ సబ్జెక్టు పేరు తీసి వేరేది పెట్టండి. అప్పటికీ వాక్యం నిలబడితే కొట్టేయండి. మీరు చదవని పుస్తకం, చేయని ప్రాజెక్టు ఉంటే తప్పకుండా తీసేయండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడవచ్చు. ఏదైనా ఒక యూనివర్సిటీ పేరుంటే అదీ తీసేయాలి, ఎందుకంటే ఒకే స్టేట్‌మెంట్ ఐదు చోట్లకూ వెళ్తుంది. మిగిలింది నాలుగు వాక్యాలే అయినా అక్కడి నుంచి మీరే రాయండి. తప్పులు దిద్దడానికి మీ టీచర్‌కు చూపిస్తే చాలు.