వరోషా "లోపలి టూర్" అని డబ్బు కట్టబోతున్నారా, కాస్త ఆగండి

కోపం మీద రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. సైప్రస్‌లో ఉన్న మనవాళ్ల గ్రూపులన్నిట్లో ఒక పోస్టు తిరుగుతూ ఉంటుంది కదా, పాడుబడ్డ హోటల్ మెట్ల మీద టార్చి వేసుకుని ఎక్కుతున్న వీడియో, కింద "వరోషా ఘోస్ట్ టౌన్, బిల్డింగుల లోపలికి, స్పెషల్ పర్మిషన్‌తో" అని. అతనే. పేరు రాయక్కర్లేదు, ఎవరో మీకే తెలుసు. మనిషికి 75 యూరోలు, మొత్తం ముందే పంపాలి, "సీట్లు తక్కువ అన్నా" అని. ముగ్గురికి పంపాను.

జర్మనీ నుంచి మా బావమరిది వచ్చాడు. సివిల్ ఇంజినీరు, పాత కట్టడాలంటే పిచ్చి. వచ్చిన దగ్గర్నుంచీ వరోషా వరోషా అని ఒకటే గొడవ. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది ఫమగూస్టా ఊళ్లో సముద్రం ఒడ్డున ఉన్న పేట. 1970ల మొదట్లో సైప్రస్‌లో పెద్ద హోటళ్లు చాలావరకు అక్కడే, ఎలిజబెత్ టేలర్ లాంటి వాళ్లు వచ్చి దిగేవాళ్లు. 1974 ఆగస్టులో టర్కీ సైన్యం వస్తోందని తెలిసి అక్కడున్న గ్రీకు సైప్రియట్లంతా (గ్రీకు మాట్లాడే సైప్రస్ జనం) చేతికందింది పట్టుకుని పారిపోయారు. తర్వాత సైన్యం చుట్టూ కంచె వేసేసింది. మళ్లీ 2020 అక్టోబరులో కొన్ని వీధులూ, కొంచెం బీచీ తెరిచారు. తెరిచింది వీధులు, బిల్డింగులు కాదు. అసలు ఆ పేటలోకి అక్కడి పాత జనం తప్ప వేరేవాళ్లు వచ్చి స్థిరపడటం కుదరదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1984లోనే 550వ తీర్మానం చేసింది. 2020లో తెరిచినప్పుడు కూడా పెద్ద గొడవే అయింది. దేశాలు కొట్టుకుంటున్న చోట లిమసోల్‌లో కారు తిప్పుకునే కుర్రాడికి స్పెషల్ పర్మిషన్ ఎవరిస్తారని నా బుర్రకి తట్టలేదు, ఉద్యోగంలో మాత్రం రోజంతా పర్మిషన్లు చెక్ చేస్తూ కూర్చుంటాను.

దారంతా ఆ కుర్రాడి మర్యాదలే మర్యాదలు. అన్నా ఏసీ పెంచనా, వదినా వాంతులొస్తున్నాయా, వదినా ఈసారి మీ ఇంటికొచ్చి గుత్తొంకాయ తినాలి. 1974 నుంచి సైప్రస్ రెండు ముక్కలు కదా, దక్షిణం గ్రీకు సైప్రియట్లది, వరోషా ఉన్న ఉత్తరం టర్కీ వైపు వాళ్ల చేతిలో ఉంది. డెరీనియా అనే ఊరి దగ్గర ఆ సరిహద్దు దాటాం, రెండు వైపులా పాస్‌పోర్టులు చూశారు, అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

వరోషా గేటు దగ్గర మొదటి అనుమానం మా ఆవిడకి వచ్చింది. జనం ఊరికే నడుచుకుంటూ లోపలికి పోతున్నారు. టికెట్ లేదు, కౌంటర్ లేదు. "ఇది ఫ్రీయా?" అని అడిగింది. "మామూలు వాళ్లకి ఫ్రీ వదినా, మనది స్పెషల్" అని జేబులోంచి ఒక కాగితం తీసి ఊపి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం ఏమిటో తర్వాత తెలిసింది లెండి. గేటు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు, దాని రసీదు.

ఆ చోటు గురించి మాత్రం అబద్ధం చెప్పను, చూడాల్సిందే. కింద నున్నటి కొత్త తారురోడ్డు, రెండు పక్కలా తాళ్లు కట్టారు, తాడు అవతల యాభై ఏళ్ల కిందటి బజారు అలాగే ఉంది. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు సగం ఊడిపోయాయి, మెట్ల మధ్యలోంచి చెట్లు లేచాయి, హోటళ్ల బాల్కనీలు చువ్వలకి వేలాడుతున్నాయి. ఎక్కడ చూసినా లోపలికి రావద్దని, కూలే ప్రమాదం ఉందని ఎర్ర బోర్డులు.

మెయిన్ రోడ్డు నుంచి పక్క సందులోకి తిప్పి ఒక మూడంతస్తుల బిల్డింగు ముందు సైకిళ్లు ఆపించాడు. అటూ ఇటూ చూసి, "గార్డు ఇప్పుడే అటు పోయాడు అన్నా, తాడు కింద నుంచి దూరిపోండి, పది నిమిషాల్లో వచ్చేయాలి" అన్నాడు. పర్మిషన్ ఉందన్నావు కదా తమ్ముడూ, దూరడమెందుకు అంటే, "ఉంది అన్నా, కానీ వాళ్లకి చూపిస్తే లేనిపోని ప్రశ్నలు అడుగుతారు" అన్నాడు. చూపించకూడని పర్మిషన్! నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం. అక్కడే వెనక్కి తిరగాల్సింది. కానీ డబ్బు కట్టేశాం, మా బావమరిది అప్పటికే సగం ఒంగాడు.

బావమరిది వెనకే నేనూ గుమ్మంలోకి వెళ్లాను. లోపల చీకటి, పావురాల కంపు, నేలంతా పైకప్పు నుంచి రాలిన పెళ్లలు. బావమరిది ఒక్కసారి తలెత్తి చూసి నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పుపడతాయట, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుందట, పైకి గోడ గట్టిగానే కనిపిస్తుంది, స్లాబు ఎప్పుడు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. "బావా, ఇక్కడ దగ్గినా పడుతుంది, పద" అన్నాడు. అంతలో బయట విజిల్.

గార్డు వచ్చాడు, ఇద్దరం చేతులెత్తినంత పని చేసి తాడు దాటి బయటికొచ్చాం. మా ఆవిడ సైకిల్ పట్టుకుని వణుకుతోంది. గార్డు ఇంగ్లీషులో ఎవరు పంపారని అడిగాడు. మేం ముగ్గురం ఒకేసారి ఆ టూర్ కుర్రాడి వైపు చూశాం. కొంచెం దూరంలో సైకిల్ మీద ఒక కాలు కింద పెట్టి నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. గార్డు వాడినే అడిగాడు, వీళ్లు నీ మనుషులా అని. తల కూడా సరిగ్గా ఎత్తకుండా "నో సర్, ఐ డోంట్ నో దెమ్" అన్నాడు.

ఐ డోంట్ నో దెమ్. గంట కిందటి దాకా వదినా వదినా అని గుత్తొంకాయ అడిగిన నోటితో! పైగా గార్డు మమ్మల్ని తిడుతుంటే మెల్లగా తొక్కుకుంటూ మెయిన్ రోడ్డు మీదికి జారుకున్నాడు. మాకు తెలుగు తప్ప ఇంకేం నోట రాలేదు ఆ టైంలో. ఫోన్లో లోపల తీసిన ఫొటోలన్నీ డిలీట్ చేయించి, ఇంకోసారి కనిపిస్తే స్టేషన్‌కే అని చెప్పి వదిలాడు ఆ గార్డు. ఆయన పని ఆయన చేశాడు, ఆయన మీద నాకేం కోపం లేదు.

వీధి చివర ఒక పెద్ద జంట తాడు ఇవతల నిలబడి ఒక ఇంటి వైపు చూస్తున్నారు. మా గొడవ విని పలకరించారు. అది ఆవిడ పుట్టిల్లట, కాగితాలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయట. సొంత ఇంటి గుమ్మం వాళ్లు తొక్కలేరు, వీడు మాత్రం అదే వీధిలో తలుపుకి 75 యూరోలని అమ్ముకుంటున్నాడు. నాకు సిగ్గేసింది, ఏం మాట్లాడాలో తెలియక సారీ చెప్పి వచ్చేశాం.

కారు దగ్గర పట్టుకుని డబ్బు అడిగితే, "పెట్రోలు ఎవరు పోస్తారు అన్నా, గార్డుకి దొరికింది మీరు, నేను కాదు" అన్నాడు. ఇంటికొచ్చి పోస్టు కింద కామెంటు రాస్తే తీసేసి నన్ను బ్లాక్ చేశాడు. ఆ వీడియోలో హోటల్ కూడా వరోషాది కాదని, కిటికీలోంచి పైన్ చెట్ల కొండలు కనిపిస్తున్నాయని మా బావమరిది ఆ రాత్రి కనిపెట్టాడు. వరోషా అంతా చదునైన సముద్రపు ఒడ్డు, కొండ ఎక్కణ్ణుంచి వస్తుందండీ.

సరే, వెళ్లాలనుకునేవాళ్లకి: వరోషాకి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, గేటు దగ్గర సైకిల్ తీసుకుని మీరే తిరగొచ్చు, పాస్‌పోర్టు మర్చిపోకండి. అద్దె కారైతే ఇటువైపు ఇన్సూరెన్స్ అటు చెల్లదు, ముందు కంపెనీని అడగండి. తాడు దాటొద్దు. సరిహద్దే దాటడం ఇష్టం లేకపోతే డెరీనియాలో దూరం నుంచి చూసే చోటు ఉంది, బైనాక్యులర్లు ఇస్తారు. ఈ శనివారానికి వాడి దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, డబ్బు పంపిన రసీదులు, వాడి మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచాను, కలిసి కంప్లైంట్ ఇద్దాం.