ఇంగ్లిష్ గ్రామర్, ఇడియమ్ టెస్టులు: ఏది దేనికి పనికొస్తుంది

మీ ఇంగ్లిష్ గ్రామర్ ఎంత గట్టిదో చూసుకోండి అంటూ వచ్చే టెస్టులు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. కాస్త తరచి చూస్తే మూడు రకాలు తేలతాయి: ఇరవై ప్రశ్నల ఉచిత ఆన్‌లైన్ క్విజ్, టోఫెల్ ఐటీపీ అనే ఇంగ్లిష్ పరీక్షలోని రెండో సెక్షన్, కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ పరీక్షల్లో గ్రామర్, పదజాలం చూసే 'యూజ్ ఆఫ్ ఇంగ్లిష్' భాగం. నా ఓటు మూడోదానికే. అలాగని మొదటి రెండూ దండగ కాదు, వాటితో ఏం తెలుస్తుందో ఏం తెలియదో ఎరిగి వాడుకోవాలి.

ఉచిత క్విజ్‌తో మొదలుపెడదాం. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పమంటారు. 'తప్పు లేదు' అన్నది ఐదో ఆప్షన్. కళ్ళు మూసుకుని గీసినా ఇరవైలో సగటున నాలుగు తగులుతాయి కాబట్టి, ఆరో ఏడో వచ్చాయంటే ఆ స్కోరుకు అర్థం లేదు. నాసిరకం క్విజ్‌లలో 'తప్పు లేదు' సరైన జవాబుగా దాదాపు రాదు. కాసేపటికి ఆ సంగతి పసిగట్టేస్తాం, ఇక ఆ ఆప్షన్ వైపే చూడం. పైగా ఎర ఎప్పుడూ ఒకటే: 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్', 'కోప్ అప్ విత్', 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్', 'ఫర్నిచర్స్', 'అన్‌లెస్ యూ డోంట్'. ఇవన్నీ నిజమైన తప్పులే, తెలిసి ఉండాల్సినవే. కానీ రెండు మూడు క్విజ్‌లు చేశాక అక్కడ పనిచేసేది గ్రామర్ కాదు, జ్ఞాపకం.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చూడండి. 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ / హూ హావ్ అప్లైడ్ దిస్ ఇయర్ / ఆర్ హయ్యర్ / దాన్ ఎక్స్‌పెక్టెడ్'. తప్పు మూడో ముక్కలో ఉంది. అసలు సబ్జెక్ట్ 'ది నంబర్' కాబట్టి అక్కడ 'ఈజ్' రావాలి. 'ది నంబర్' ఏకవచనం అని సగం తెలిసినవాళ్ళు మాత్రం రెండో ముక్క దగ్గరే ఆగిపోయి 'హావ్'ను 'హాజ్' చేసేస్తారు. అక్కడి 'హూ' స్టూడెంట్స్‌ను సూచిస్తుంది, నంబర్‌ను కాదు. అందుకే 'హావ్' సరైనదే. అదే మొదట్లో 'ది' బదులు 'ఎ' ఉంటే లెక్క తిరగబడుతుంది, 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' తర్వాత బహువచన క్రియే రావాలి. ఒక్క వాక్యంలో ఇంత పని ఉంది. జవాబు పక్కన 'సబ్జెక్ట్ ఏకవచనం' అని ముక్తసరిగా రాసి వదిలేస్తే, రెండో ముక్కను తప్పనుకున్నవాళ్ళు అలా అనుకుంటూనే ఉండిపోతారు. అందుకే ఏ క్విజ్ అయినా పూర్తిగా చేసే ముందు ఒక ప్రశ్నకు కావాలని తప్పు జవాబు నొక్కి, వివరణ చదవండి. ఎంచుకున్న ముక్క ఎందుకు తప్పు కాదో కూడా అందులో చెప్పి ఉంటే ముందుకెళ్ళండి. ఒట్టి ఎర్ర గుర్తు, సరైన అక్షరం మాత్రమే చూపిస్తే ఆ పేజీ మూసేయడమే మేలు.

పాతబడిన జవాబుల పట్టీలతో ఇంకో చిక్కు ఉంది. 'నన్ ఆఫ్ దెమ్ ఆర్ రెడీ' తప్పంటారు, కానీ ప్రామాణిక నిఘంటువులు ఏకవచనాన్నీ బహువచనాన్నీ రెండింటినీ ఒప్పుకుంటాయి. 'ది టీమ్ ఆర్ ప్లేయింగ్ వెల్' అమెరికన్లకు ఎబ్బెట్టు, బ్రిటిష్ వాళ్ళకు మామూలు. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదన్న నియమం ఏనాడూ సరిగా నిలబడలేదు. ఒక్క మనిషిని ఉద్దేశించి 'దే' అనడాన్ని ఇప్పటికీ తప్పు కింద కొట్టేసే క్విజ్‌లున్నాయి. అమెరికన్ నిఘంటువు మెరియమ్ వెబ్‌స్టర్ 2019లో ఏడాది పదంగా ఎంచుకున్నది ఆ 'దే'నే. బ్రిటిష్ ఇంగ్లిషా, అమెరికన్ ఇంగ్లిషా అన్నది ఎక్కడా చెప్పని టెస్టులో పోయిన మార్కుల గురించి బెంగ అక్కర్లేదు.

టోఫెల్ ఐటీపీ లెవల్ 1 రెండో సెక్షన్ ఇంతకన్నా ఎంతో పకడ్బందీగా ఉంటుంది. 25 నిమిషాల్లో 40 ప్రశ్నలు: 15 ఖాళీలు పూరించేవి, 25 తప్పు పట్టేవి. ప్రశ్నకు 38 సెకన్లు కూడా దక్కవు. తప్పు పట్టే ప్రశ్నల్లో నాలుగు చోట్ల గీత గీసి ఉంటుంది, ఒకటి కచ్చితంగా తప్పు. 'తప్పు లేదు' అనే ఆప్షనే లేదు. గీత లేని భాగమంతా సరైనదే కాబట్టి దాన్ని అనుమానిస్తూ కూర్చుంటే సమయం వృథా. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, ఏదీ ఖాళీగా వదలొద్దు. 'పొల్యూషన్ అఫెక్ట్స్ ది హెల్త్, గ్రోత్ అండ్ రిప్రొడ్యూస్ ఆఫ్ ఫిష్' లాంటివి ఇక్కడి బాణీ: వరసలో రెండు నామవాచకాలు వచ్చాక మూడోది క్రియ అయింది, 'రిప్రొడక్షన్' ఉండాలి. లోటు ఏమిటంటే, తప్పు ఎక్కడుందో చూపిస్తే చాలు, సరిచేసి రాయనక్కర్లేదు. ఇడియమ్‌ల (జాతీయాల) జోలికి ఇది పోదు, వాక్యాలన్నీ పాఠ్యపుస్తకం ధోరణిలో ఉంటాయి. సంస్థల ద్వారా రాసే పరీక్ష కాబట్టి, సొంతంగా సాధన చేసేవాళ్ళకు నమూనా ప్రశ్నలే దిక్కు. పెద్ద పరీక్షలు ఈ పద్ధతి నుంచి పక్కకు జరుగుతున్నాయి కూడా. 2005లో వచ్చిన టోఫెల్ ఐబీటీలో (ఇంటర్నెట్ ద్వారా పెట్టే టోఫెల్) విడిగా గ్రామర్ సెక్షన్ లేదు. 2023 చివర్లో వచ్చిన జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష) కొత్త రూపంలో వాక్యాలు సరిదిద్దే సెంటెన్స్ కరెక్షన్ ఎత్తేశారు.

కేంబ్రిడ్జ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్‌లోని నాలుగో పార్ట్‌లో ఆప్షన్లు ఉండవు. ఒక వాక్యం ఇస్తారు, దాని కింద అదే అర్థంతో మధ్యలో ఖాళీ ఉన్న ఇంకో వాక్యం, వాడి తీరాల్సిన ఒక పదం. ఉదాహరణకు 'ఐ రిగ్రెట్ నాట్ టేకింగ్ దట్ జాబ్' ఇచ్చి, 'విష్' అనే పదంతో 'ఐ ____ దట్ జాబ్' పూరించమంటారు. జవాబు 'విష్ ఐ హ్యాడ్ టేకెన్'. ఇచ్చిన పదం రూపం మార్చకూడదు. కేంబ్రిడ్జ్ పరీక్షలు స్థాయిల వారీగా ఉంటాయి: బీ2లో రెండు నుంచి ఐదు, దాని పైన సీ1లో మూడు నుంచి ఆరు, సీ2లో మూడు నుంచి ఎనిమిది పదాల్లో ముగించాలి. 'ఐ హ్యాడ్'ను కుదించి రాసినా రెండు పదాలుగానే లెక్క. ప్రశ్నకు రెండు మార్కులు, సగం సరిగ్గా ఉంటే ఒకటి దక్కుతుంది. 'విష్ ఐ టుక్' అని రాశారంటే 'విష్' తెలుసు, జరిగిపోయినదానికి ఏ కాలం వాడాలో తెలియదు అని తేలిపోతుంది. ఇంత సూటిగా లోపం పట్టుకునే ప్రశ్న మిగతా రెండింటిలో లేదు. నమూనా పేపర్లు కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్‌లో ఉచితం. జవాబుల పట్టీలో కారణాలు ఉండవు కాబట్టి పక్కన ఒక గ్రామర్ పుస్తకం తప్పదు.

ఇక ఇడియమ్‌లు. ఇక్కడ ఉచిత క్విజ్‌లు మరీ తేలిక. 'బైట్ ది బుల్లెట్' ఇచ్చి, ఆప్షన్లలో తుపాకీ, యుద్ధం పెడతారు. ఇడియమ్‌కు మక్కికి మక్కి అర్థం ఉండదని తెలిసిన ఎవరైనా వాటిని దాటేస్తారు. 'కోపం దిగమింగుకోవడం', 'ఆలోచించకుండా తెగించడం', 'ఇష్టం లేకపోయినా తప్పని పనికి గుండె దిటవు చేసుకోవడం' పక్కపక్కన పెడితే అప్పుడు నిలిచి ఆలోచిస్తారు (సరైనది చివరిదే). ఎంపికలోనూ లోపముంది. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' ప్రతి క్విజ్‌లో ఉంటుంది, మాటల్లో వినబడేది తక్కువ. రోజూ వినబడే 'కట్ కార్నర్స్', 'కాల్ ఇట్ ఎ డే' వెతికితే గానీ దొరకవు. మీటింగ్‌లో ఒక ప్రతిపాదనను 'టేబుల్' చేశారంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టారని, అమెరికాలో పక్కన పెట్టారని అర్థం. ఈ తేడా చెప్పని క్విజ్ రెండు జవాబుల్లో ఒకదాన్ని అన్యాయంగా కొట్టేస్తుంది.

ఎక్కడ వాడాలన్నది కూడా ఈ క్విజ్‌లు అడగవు. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం అని టిక్ పెట్టినవాళ్ళు దాన్ని సంతాప సందేశంలో రాయకుండా ఆపే ప్రశ్న ఒక్కటీ ఉండదు. 'ఫ్రీ రెయిన్' (పూర్తి స్వేచ్ఛ) సంగతి ఇంకోటి. అందులోది గుర్రం పగ్గం. వాన అర్థం వచ్చే స్పెల్లింగూ, పరిపాలన అర్థం వచ్చే స్పెల్లింగూ పలకడానికి అచ్చం అలాగే ఉంటాయి. చేత్తో రాయిస్తే తప్ప ఈ తప్పు బయటపడదు.

టైప్ చేయించే క్విజ్ దొరికితే మంచిదే, కానీ దిద్దేది యంత్రమని గుర్తుంచుకోండి. 'డిడ్ నాట్' అని రాస్తే సరే అని, కుదించి రాస్తే తప్పని చూపించేవి ఉన్నాయి. ఫోన్ కీబోర్డు వంపు తిరిగిన అపాస్ట్రఫీ పెట్టినా కొన్ని ఒప్పుకోవు. ఆప్షన్లు ఇచ్చే క్విజ్‌నే చేస్తుంటే, వాటిని చేత్తో మూసి ముందు సవరణ కాగితం మీద రాయండి, పక్కన కారణం నాలుగు ముక్కల్లో రాయండి, ఆ తర్వాతే ఆప్షన్ నొక్కండి. జవాబు కలిసినా కారణం రాయలేకపోతే సున్నా వేసుకోండి.